మెదడును కాపాడే మందులు – ఏడవ తీర్మానంపై నా మనవి

(సంఘ వార్షిక మహాసభ ఉదయపు సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నాకు కేటాయించిన సమయం అరగంట. మధ్యాహ్నం మన ముందుకు రానున్న తీర్మానాల కాగితం మీ అందరి చేతుల్లోనూ ఉంది. అందులో ఏడవది చూడండి. మెదడుకు రక్తప్రసారం తగ్గిన పెన్షనర్లు వాడే మెదడు రక్షణ మందుల ఖర్చును ప్రభుత్వం పూర్తిగా తిరిగి చెల్లించవలెనన్నది దాని సారాంశం. దానిని ప్రతిపాదించిన మిత్రులు నాకు పాతికేళ్లుగా ఆప్తులు. వారి శ్రీమతిగారికి పక్షవాతం వచ్చిన నాటినుంచీ వారు పడుతున్న శ్రమ నేను దగ్గరగా చూస్తున్నాను. వారి ఉద్దేశంలో ఏ లోపమూ లేదు. అయినా ఆ తీర్మానాన్ని యథాతథంగా ఆమోదించవద్దనీ, కొంత మార్చి ఆమోదించవలెననీ మిమ్మల్ని కోరడానికే ఈ ప్రసంగం.

నేను వైద్యుణ్ణి కాను. జూనియర్ అసిస్టెంటుగా చేరి సీనియర్ అసిస్టెంటుగా రిటైరైన గుమాస్తాను. నా సర్వీసులో చాలా ఏళ్లు మెడికల్ రీయింబర్స్‌మెంటు బిల్లుల సీటు చూశాను. ఎసెన్షియాలిటీ సర్టిఫికెట్టు, డిశ్చార్జి సమ్మరీ, మందుల షాపు రసీదులు – ఇవి నా రోజువారీ భోజనం. డాక్టర్లు ఏం రాస్తారో, షాపువాళ్లు ఏం ఇస్తారో, ఏ మందుకు ఎంతవుతుందో చూసి చూసి, ఏ మందు దేనికన్న కుతూహలం కలిగింది. రిటైరైన తరువాత ఆ కుతూహలానికి తీరిక తోడైంది. చదివాను, అడిగి తెలుసుకున్నాను. ఈ పాఠాన్ని నరాల వ్యాధుల నిపుణులొకరికి చూపించి, వారు దిద్దమన్నచోట దిద్దాను. కనుక ఇందులో వైద్య సలహా లేదు, తెలుసుకున్న సమాచారం మాత్రమే ఉంది. మీ మందు మానడం గానీ, మార్చడం గానీ మీ డాక్టరుగారు చెబితేనే చేయండి. ఈ మాట మళ్లీ చివర కూడా చెబుతాను.

మెదడుకు నిల్వ లేదు

మన మెదడు బరువు సుమారు 1400 గ్రాములు. శరీరం బరువులో నూటికి రెండు పాళ్లు. కానీ మనం పీల్చే ఆక్సిజన్‌లో అయిదోవంతు అదే వాడుకుంటుంది. కండరాలకూ కాలేయానికీ ఇంధనం కొంత దాచుకునే వీలుంది. మెదడుకు ఆ వీలు దాదాపు లేదు. ఏ పూటకాపూట తెచ్చుకుని వండుకునే ఇల్లు వంటిది. రక్తం వస్తున్నంతసేపే పని చేస్తుంది.

మామూలుగా ప్రతి 100 గ్రాముల మెదడుకూ నిమిషానికి 50 మిల్లీలీటర్ల రక్తం అందుతుంది. ఏదైనా నాళంలో గడ్డ అడ్డుపడి అది 20కి దిగువకు పడిపోయిందనుకోండి. అప్పుడు కణం పని మానేస్తుంది, కానీ చావదు. చెయ్యి లేవదు, మాట రాదు, కణం మాత్రం బతికే ఉంటుంది. అదే 10కి దిగువకు పోతే కొద్ది నిమిషాల్లో కణం చచ్చిపోతుంది. దాన్ని తిరిగి తెచ్చే మందు లోకంలో లేదు.

ఈ రెండు అంకెల మధ్యనున్న ప్రాంతమే ఈనాటి నా ప్రసంగానికంతా కీలకం. పక్షవాతం వచ్చిన మెదడులో నడుమ చచ్చిన భాగం కొంత ఉంటే, దాని చుట్టూ సొమ్మసిల్లి పడివున్న భాగం ఎంతో ఉంటుంది. గ్రహణాల గురించి పంచాంగంలోనూ పత్రికల్లోనూ ఉపచ్ఛాయ అన్న మాట చూసే ఉంటారు. పూర్తి చీకటి చుట్టూ ఉండే మసక నీడ అది. 1970ల చివర, 1980ల మొదట మెదడు మీద పరిశోధించిన ఆస్ట్రప్ మొదలైనవారు ఆ సొమ్మసిల్లిన భాగానికి ఉపచ్ఛాయ అన్న అర్థం వచ్చే పేరే పెట్టారు. రక్తం త్వరగా తిరిగి వస్తే అది వెలుగులోకి వస్తుంది. రాకపోతే గంటగంటకూ చీకటిలో కలిసిపోతుంది.

ఎంత వేగంగా కలిసిపోతుందో అమెరికా వైద్యుడు జెఫ్రీ సేవర్ 2006లో లెక్క కట్టారు. పెద్ద నాళం మూసుకున్న పక్షవాతంలో నిమిషానికి సగటున 19 లక్షల నరాల కణాలు పోతాయని ఆయన లెక్క. నిమిషానికి అని మరోసారి మనవి చేస్తున్నాను. పెద్దకొడుకు వచ్చేదాకా చూద్దాం, తెల్లవారనిద్దాం అనుకున్న ప్రతి గంటా ఈ లెక్కలోనే పోతుంది.

వెయ్యి మందుల కథ

ఇక మందుల విషయం. రక్తం అందని కణం ఊరికే ఆకలితో చావదు. దాని గోడల కాపలా తప్పి, గ్లూటమేట్ అనే పదార్థం మితిమీరి బయటికి వస్తుంది. అది పక్క కణాల తలుపులు తెరిపించి లోపలికి కాల్షియంను వరదలా పంపుతుంది. ఆ కాల్షియం కణాన్ని లోపలినుంచే పాడుచేస్తుంది. అంటే చచ్చే కణం తన చుట్టుపక్కల వాళ్లను కూడా తీసుకుపోతుంది. గ్లూటమేట్ ఇలా విషంగా మారడాన్ని జాన్ ఓల్నీ అనే శాస్త్రవేత్త 1969లోనే వివరించారు.

ఇది తెలియగానే అందరికీ ఒక ఆశ కలిగింది. గడ్డ కరిగేలోపు ఈ విషక్రియను ఆపే మందు ఇస్తే, ఉపచ్ఛాయలోని కణాలను కాపాడవచ్చు గదా! ఎంతో సమంజసమైన ఆలోచన. మెదడు రక్షణ మందు అన్న మాట పుట్టింది ఇక్కడే. ఎలుకల్లో అద్భుతంగా పనిచేశాయి. మనుషుల్లో ఏమైందో వినండి.

2006లో ఒక పరిశోధక బృందం అప్పటిదాకా ప్రయోగించిన చికిత్సలన్నిటినీ ఏరి కూర్చి లెక్కవేసింది. మొత్తం 1,026 తేలాయి. వాటిలో మనుషుల దాకా వచ్చినవి 114. వాటిలో కణాన్ని కాపాడి మనిషిని లేపి నిలబెట్టిన మందుగా పక్షవాతం వైద్యంలో స్థిరపడినది ఒక్కటీ లేదు.

ఒకటి రెండు ఉదాహరణలు చెబుతాను. ఎన్‌ఎక్స్‌వై-059 అనే మందు 2006లో ప్రకటించిన మొదటి పరీక్షలో కొంత మేలు చూపింది. ఎంతో సంతోషించారు. 3,000 మందికి పైగా రోగులతో మళ్లీ పరీక్షించి 2007లో ఫలితం ప్రకటించారు. ఏ మేలూ లేదని తేలింది. తరువాత అమెరికాలో మెగ్నీషియం వంతు వచ్చింది. ఆలస్యం వల్లనే మందులు పనిచేయడం లేదేమోనని, లాస్ ఏంజెలిస్ ప్రాంతంలో అంబులెన్సులోనే, లక్షణాలు మొదలైన రెండు గంటలలోపే 1,700 మందితో ప్రయోగం చేశారు. సగం మందికి మెగ్నీషియం, సగం మందికి ఉత్త సెలైన్. 2015లో ఫలితం వచ్చింది. తేడా లేదు. 2020లో నెరినెటైడ్ అనే మందును, గడ్డను తీసివేసే చికిత్సతో జతచేసి 1,105 మందిలో చూశారు. మొత్తం మీద అక్కడా మేలు తేలలేదు.

ఎలుకకు పనిచేసింది మనిషికెందుకు పనిచేయలేదు? పండితులు చెప్పే కారణాలు మనకూ అర్థమయ్యేవే. ప్రయోగశాల ఎలుక పడుచుది, ఆరోగ్యంగా ఉంటుంది. దానికి బీపీ లేదు, షుగరు లేదు. నాళం మూసిన నిమిషాల్లో, ఒక్కోసారి మూయకముందే మందు ఇస్తారు. మనిషి డెబ్బై ఏళ్లవాడు, పాతికేళ్ల బీపీ ఉన్నవాడు, ఆరుగంటలు ఆలస్యంగా వస్తాడు. పైగా మందు పోవలసింది రక్తంలోనే. రక్తం పోయే దారి మూసుకుపోయిన చోటికి మందు మాత్రం ఏ దారిన పోతుంది? దారి బంద్ అయిన ఊరికి బియ్యం లారీలు ఎన్ని పంపినా పొలిమేరలోనే ఆగిపోతాయి.

న్యాయంగా రెండో పక్షం కూడా చెప్పాలి. నిమోడిపిన్ అనే మందు ఉంది. మెదడు పైపొరల్లో నాళం చిట్లి రక్తస్రావమైన ఒక ప్రత్యేక జబ్బులో, ఆ తరువాత వచ్చే రక్తలోపం నుంచి అది నిజంగానే కాపాడుతుంది. బ్రిటన్‌లో 1989లో ప్రకటించిన పరీక్ష దీన్ని నిరూపించింది. నేటికీ ఆ జబ్బుకు 21 రోజులు ఇస్తారు. కానీ గడ్డ అడ్డుపడిన మామూలు పక్షవాతంలో అదే మందు పనికిరాలేదు. అలాగే ఎడరవోన్ అనే మందును జపాన్ 2001లో ఆమోదించింది. దానికి మరో పదార్థం కలిపిన రూపాన్ని చైనా 2020లో ఆమోదించింది. అక్కడి పరీక్షల్లో కొంత మేలు కనబడింది. కనుక తలుపు పూర్తిగా మూసుకుపోలేదు. రేపు మంచి మందు రావచ్చు. వచ్చిననాడు దానికోసం తీర్మానం చేద్దాం, నేనే బలపరుస్తాను.

మన చీటీల్లో ఉన్న మందులు

ఇప్పుడు మన దగ్గరకు వద్దాం. సభ్యులు ఖర్చు తిరిగి వస్తుందా అని అడగడానికి నాకు మందుల చీటీలు చూపిస్తుంటారు. వాటిలో తరచుగా కనిపించేవి మూడు. సిటికోలిన్, పిరాసెటమ్, జింకో. మందుల షాపులో వీటిని మెదడు బలానికి అని చెబుతారు. నెలలు, ఏళ్ల తరబడి వాడేవారున్నారు.

సిటికోలిన్‌ను స్పెయిన్, పోర్చుగల్, జర్మనీ దేశాల్లో 2,298 మంది కొత్త పక్షవాత రోగుల్లో పరీక్షించారు. రోజుకు 2000 మిల్లీగ్రాములు, ఆరు వారాలు. ఫలితం 2012లో వచ్చింది. మందు తీసుకున్నవారికీ, మందులాంటి ఉత్తది తీసుకున్నవారికీ తేడా లేదు. పిరాసెటమ్‌ను 927 మందిలో పరీక్షించి 1997లో ఫలితం ప్రకటించారు. దాంట్లోనూ ముఖ్యమైన కొలతల్లో మేలు కనబడలేదు. జింకోను అమెరికాలో 75 ఏళ్లు దాటిన 3,069 మందిలో మతిమరుపు జబ్బు రాకుండా ఆపుతుందేమోనని ఏళ్ల తరబడి చూశారు. 2008లో ఫలితం చెప్పారు. ఆపలేదు.

ఇవి విషాలని నేను చెప్పడం లేదు. సిటికోలిన్ పెద్దగా హాని చేసినట్లు కూడా ఆ పరీక్షలో తేలలేదు. నా బాధ వేరు. పెన్షను రాబడికి హద్దుంది. ఒక మందుకు పోయిన డబ్బు మరో మందుకు మిగలదు. మన సభ్యులొకరు, ఊరూ పేరూ అక్కరలేదు, ఖరీదైన మెదడు మాత్ర ఒక్కపూట తప్పకుండా వేసుకునేవారు. పొదుపు కోసం బీపీ మాత్రను రోజు విడిచి రోజు వేసుకునేవారు. ఆయన దృష్టిలో ఖరీదైనది గొప్ప మందు, చవకైనది చిన్న మందు. రెండవసారి పక్షవాతం వచ్చినప్పుడు ఆసుపత్రిలో బీపీ 210 ఉంది. ఇప్పుడు మంచానికే పరిమితమై ఉన్నారు. ఆయన కోడలు ఒక్కమాట అడిగింది నన్ను. “అంత ఖరీదు మందు వాడినా ఎందుకు వచ్చింది, బాబాయిగారూ?” అని. ఆ ప్రశ్నకు జవాబే ఈ ప్రసంగం.

నిజంగా మెదడును కాపాడేవి

మెదడును కాపాడే మందులు ఉన్నాయి. వాటి మీద మెదడు మందు అని రాసి ఉండదు, అంతే తేడా.

మొదటిది బీపీ మాత్ర. 1991లో అమెరికాలో ఒక పెద్ద పరీక్ష ఫలితం వచ్చింది. 60 ఏళ్లు దాటి, పై అంకె 160కి మించి, కింది అంకె మామూలుగా ఉన్న 4,736 మందిని తీసుకున్నారు. వయసు మీదపడితే పై అంకె పెరగడం సహజమే, మందెందుకు అనుకునే రోజులవి. సగం మందికి క్లోర్‌తాలిడోన్ అనే పాతకాలపు చవక మాత్రతో మొదలుపెట్టి చికిత్స చేశారు. అయిదేళ్లలో పక్షవాతం వచ్చినవారు మందులేని పక్షంలో నూటికి 8.2, మందున్న పక్షంలో నూటికి 5.2. అంటే మూడోవంతుకు పైగా తగ్గింది. ఇంకా పెద్దవాళ్ల మాట? 80 ఏళ్లు దాటిన 3,845 మందిలో మరో పరీక్ష చేసి 2008లో ఫలితం చెప్పారు. ఇండాపమైడ్ ముఖ్యమందు. ఏ కారణం చేతనైనా చనిపోయేవారి సంఖ్య అయిదోవంతు తగ్గింది. మందు లేనివారికి అన్యాయం జరుగుతోందని పరీక్షను గడువుకు ముందే ఆపేశారు. ఈ సభలో ఎనభై దాటిన పెద్దలున్నారు. “ఈ వయసులో ఇంకా మాత్రలెందుకు” అని మీరనేముందు ఆ అంకె గుర్తుచేసుకోండి.

రెండవది రక్తం గడ్డకట్టకుండా చేసే మందు. ఇది అందరికీ కాదు. కొందరికి గుండె లయ తప్పి కొట్టుకుంటుంది. దాంతో గుండె పైగదిలో గడ్డకట్టి, అది మెదడుకు ఎగిరిపోతుంది. ఇలాంటివారిలో వార్ఫరిన్ వాడితే పక్షవాతం మూడింట రెండు వంతులు తగ్గుతుంది. ఇప్పుడు దానికి బదులు కొత్త మాత్రలు కూడా వచ్చాయి. నాడి పట్టి చూసుకుని ఏదో తేడాగా ఉందనిపిస్తే ఒక్క ఈసీజీ తీయించుకోండి. చాలామందికి ఆ జబ్బు ఉన్న సంగతే తెలియదు.

మూడవది ఆస్పిరిన్. దీని విషయంలో జాగ్రత్తగా వినండి. గడ్డవల్ల పక్షవాతం ఒకసారి వచ్చినవారికి ఆస్పిరిన్ మేలు చేస్తుంది. 1997లో ప్రకటించిన రెండు మహాపరీక్షల్లో, కలిపి సుమారు 40,000 మందిలో అది రుజువైంది. కానీ పక్షవాతం గానీ గుండెజబ్బు గానీ ఎన్నడూ రాని పెద్దవాళ్లు ముందుజాగ్రత్తగా వేసుకోవచ్చునా? 19,114 మంది పెద్దవాళ్లలో, వారిలో అత్యధికులు 70 దాటినవారే, ఈ ప్రశ్నను పరీక్షించారు. 2018లో జవాబు వచ్చింది. మేలు లేదు, రక్తస్రావాలు మాత్రం ఎక్కువయ్యాయి. పక్కింటాయన వేసుకుంటున్నాడని మనం వేసుకోకూడదు. డాక్టరుగారు రాస్తే మానకూడదు. రెండూ ఒకే నియమం కిందికి వస్తాయి.

నాలుగవది కొలెస్టరాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర. పక్షవాతం వచ్చినవారిలో అటోర్వాస్టాటిన్ రెండవసారి వచ్చే అవకాశాన్ని తగ్గిస్తుందని 2006లో తేలింది.

ఈ నాలుగింటిలో చాలావాటికి కంపెనీ పేరులేని చవక రూపాలు జన ఔషధి దుకాణాల్లో దొరుకుతాయి. ఖరీదుకూ గొప్పకూ సంబంధం లేదని మరోసారి మనవి.

గడ్డ పడిననాడు చేయవలసింది

అయినా పక్షవాతం వచ్చిందనుకోండి. అప్పుడు మెదడును కాపాడేది రక్తమే. దారి తెరవడమే నిజమైన రక్షణ. గడ్డను కరిగించే ఆల్టెప్లేజ్ ఇంజెక్షను మూడు గంటలలోపు ఇస్తే మేలని 1995లో అమెరికాలో 624 మంది రోగులతో రుజువైంది. మూడు నెలల తరువాత దాదాపు వైకల్యం లేకుండా ఉన్నవారు మందు పొందినవారిలో నూటికి 39, పొందనివారిలో 26. 2008లో గడువును నాలుగున్నర గంటల దాకా పెంచవచ్చునని తేలింది. మన దేశంలో టెనెక్టెప్లేజ్ అనే ఇంజెక్షను కూడా వాడుతున్నారు. పెద్దనాళం మూసుకుంటే తొడ దగ్గర రక్తనాళంలోంచి సన్నని గొట్టం పంపి గడ్డను లాగివేసే చికిత్స 2015 నుంచి స్థిరపడింది. ఎంపిక చేసిన కొందరిలో 24 గంటల దాకా చేయవచ్చునని 2018లో తేలింది. ఈ ఇంజెక్షనుకు ప్రమాదమూ ఉంది. 1995 పరీక్షలో మందు పొందిన నూరుమందిలో ఆరుగురికి మెదడులో రక్తస్రావమైంది. అందుకే స్కాను తీసి, గడియారం చూసి, అనుభవమున్నవారే ఇవ్వాలి.

గుర్తుపట్టడం కష్టం కాదు. నవ్వమంటే మూతి ఒకవైపు వంకరపోవడం. రెండు చేతులూ చాచమంటే ఒకటి జారిపోవడం. మాట ముద్దగా రావడం, లేక అర్థం లేకుండా రావడం. ఉన్నట్టుండి చూపు పోవడం, తూలిపడడం. ఇవి కనిపిస్తే రెండు పనులు చేయండి. గడియారం చూసి, మనిషి చివరిసారి బాగా ఉన్న సమయం కాగితం మీద రాయండి. 108కి ఫోను చేయండి. ఆసుపత్రిలో డాక్టరుగారు మొదట అడిగేది ఆ సమయమే. నిద్రలేచేసరికే అలా ఉంటే, రాత్రి పడుకున్న సమయం రాయండి.

ఇక చేయకూడనివి. సీటీ స్కాను తీయకముందు ఇంట్లో ఆస్పిరిన్ ఇవ్వవద్దు. అది గడ్డో, రక్తస్రావమో బయటినుంచి ఎవరికీ తెలియదు. రక్తస్రావమైతే ఆస్పిరిన్ మంటలో నెయ్యి. నీళ్లు, కాఫీ, పాలు పోయవద్దు. మింగలేని మనిషి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. బీపీ ఎక్కువగా ఉందని నాలుక కింద నిఫెడిపిన్ చుక్కలు వేయవద్దు. ఇది ఒకప్పుడు ఎక్కువగా జరిగేది. 1996లోనే దీన్ని మానమని వైద్య పత్రికల్లో హెచ్చరించారు. కారణం ఇందాక చెప్పిన ఉపచ్ఛాయే. సొమ్మసిల్లిన కణానికి పక్కదారుల్లో అందుతున్న కొద్దిపాటి రక్తం పైనుంచి తోసే బీపీ బలంతోనే అందుతోంది. ఒక్కసారిగా బీపీ పడగొడితే ఆ కొద్దిపాటిదీ ఆగిపోతుంది. నిత్యం బీపీ తగ్గించుకోవలసిన మనమే, ఆ గంటలో మాత్రం దాన్ని డాక్టరుకు వదిలిపెట్టాలి. పసర్లు పోయించడానికీ, పావురం రక్తం పూయించడానికీ తీసుకువెళ్లవద్దు. దారిలో గడిచే ప్రతి నిమిషం ఖరీదూ మీకు చెప్పాను.

మరొక సంగతి. పది నిమిషాలు మాట పడిపోయి మళ్లీ బాగైపోతే, “గండం గడిచింది” అని ఇంట్లోనే ఉండిపోతారు చాలామంది. అది గడిచిన గండం కాదు, రాబోయే గండానికి నోటీసు. మొదటి రెండు రోజులూ ప్రమాదం ఎక్కువ. ఇంగ్లండులో 2007లో ప్రకటించిన అధ్యయనంలో, ఇలాంటివారిని, స్వల్ప పక్షవాతం వచ్చినవారిని వెంటనే పరీక్షించి మందులు మొదలుపెడితే, మూడు నెలల్లో మళ్లీ పక్షవాతం వచ్చేవారు నూటికి పదిమంది నుంచి ఇద్దరికి తగ్గారు. వాడినవి కొత్త మందులేవీ కావు. ఇందాక చెప్పినవే, ఆలస్యం చేయకుండా.

తీర్మానానికి నా సవరణ

ఇప్పుడు మిత్రుల తీర్మానానికి వస్తాను. ఫలితం లేదని తేలిన మందుల ఖర్చు అడిగితే ప్రభుత్వంవారు రెండు విధాల చేయవచ్చు. తిరస్కరిస్తే మన శ్రమ వృథా. ఆమోదిస్తే మరీ నష్టం. మన సభ్యులు ఆ మందుల్నే నమ్ముకుంటారు, అసలు అడగవలసింది అడగకుండానే పోతుంది. మనకు ఒక్క కోరిక కోరే అవకాశం ఉంటే, అది సరైనదై ఉండాలి గదా.

అందుకని ఈ మూడు మార్పులు సూచిస్తున్నాను. ఒకటి, బీపీ, షుగరు, గుండెలయ, కొలెస్టరాల్ మందులు పెన్షనర్లకు నెలనెలా ఆటంకం లేకుండా అందాలని అడుగుదాం. రెండు, ప్రతి జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ ఆసుపత్రిలోనూ రాత్రింబవళ్లు సీటీ స్కాను, గడ్డ కరిగించే ఇంజెక్షను, దాన్ని ఇచ్చే వైద్యులు ఉండాలని అడుగుదాం. మూడవది ప్రభుత్వాన్ని అడగవలసింది కాదు, మనం చేసుకోవలసింది. ప్రతి తాలూకా శాఖ తన ప్రాంతంలో అర్ధరాత్రి కూడా స్కానూ ఇంజెక్షనూ దొరికే ఆసుపత్రి ఏదో విచారించి, ఎంత దూరమో, ఎంతసేపు ప్రయాణమో రాసి, ప్రతి సభ్యుని ఇంటికీ ఒక కాగితం పంపాలి. దాన్ని ఫోను పక్కన గోడకు అంటించుకోవాలి. మా శాఖ తరఫున ఆ విచారణ నేను చేస్తానని ఈ సభలో మాట ఇస్తున్నాను.

నిన్న సాయంత్రం ఈ సవరణ గురించి తీర్మానం ప్రతిపాదించిన మిత్రులతో మాట్లాడాను. చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత, “మా ఆవిడకు ఆ మందు ఆపేయమంటావా?” అని అడిగారు. అనలేదని చెప్పాను. ఆ చీటీ తీసుకుని డాక్టరుగారి దగ్గరకు ఇద్దరం కలిసి వెళ్దామనీ, రెండే ప్రశ్నలు అడుగుదామనీ చెప్పాను. ఈ మందుతో మా ఇంటి మనిషికి ఏ మేలు ఆశించవచ్చు? డబ్బు చాలకపోతే ఈ చీటీలో ఏది ముందు, ఏది వెనుక? మీలో ఎవరికైనా ఈ రెండు ప్రశ్నలూ పనికివస్తాయి. మంచి డాక్టరుకు ఈ ప్రశ్నల వల్ల కోపం రాదు. ఆవిడకు ఇంట్లోనే చేయించవలసిన వ్యాయామం గురించి కూడా అడగవలసి ఉంది. చెయ్యీ కాలూ తిరిగి పట్టు చిక్కడానికి ఫిజియోథెరపీకి మించిన మార్గం లేదనీ, దాన్ని మధ్యలో మానకూడదనీ ఆ నిపుణులు నాతో గట్టిగా చెప్పారు.

చివరగా మొదటి మాట మళ్లీ చెబుతున్నాను. నా ప్రసంగం విని ఎవరూ ఇవాళ రాత్రి ఏ మాత్రా మానవద్దు, ఏ కొత్త మాత్రా మొదలుపెట్టవద్దు. బీపీ మాత్ర మాత్రం భోజనాల హడావుడిలో మరిచిపోకండి. సభా ప్రాంగణంలో బీపీ చూసే ఏర్పాటు చేశారు. పెన్షను పాసుపుస్తకం చూసుకున్నంత శ్రద్ధగా ఆ అంకె కూడా చూసుకుని వెళ్లవలసిందిగా కోరుతున్నాను.